దిగని సవారి

వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల మధ్య నేను బండి తోలిన రోజుల్లో నా మాటకు ఎంత విలువంటే, పొద్దు పొడిచిందని నేను చెబితే ఎదుటివాడు తలెత్తి ఆకాశం చూసిన తర్వాతే నమ్మేవాడు. కృష్ణ దాటేటప్పుడు మొసలి నా బండి చక్రం మింగిందనీ, ఆ చక్రం దాని కడుపులో తిరుగుతుంటే మొసలే దొర్లుకుంటూ వచ్చి నన్ను అవతలి ఒడ్డున దించిందనీ గద్వాల కోట ముందు కూర్చుని చెప్పాను. విన్నవాళ్లు నవ్వి, బెల్లం ముక్క చేతిలో పెట్టి, ఇంకొకటి చెప్పమన్నారు. కిరాయి కంటే కథలకే నాకు ఎక్కువ తిండి దొరికేది. అందుకే మా అన్న విషయంలో నేను నిజం చెప్పిన రోజున నమ్మినవాడు లేడు. వాళ్లది తప్పని ఇప్పటికీ అనలేను.

మా ఊరు గోపాల్‌పేటకు రెండు కోసుల దూరం. అన్న నాకంటే తొమ్మిదేండ్లు పెద్ద. మోటబావి కింద నాలుగు మడులు, మిగిలినదంతా రాళ్ల మెట్ట. చిన్నప్పుడు ఒక చలికాలం అతనికి కీళ్లు వాచి జ్వరం వచ్చి నెలన్నర మంచం దిగలేదట. మోకాళ్ల వాపు తీసింది, జ్వరం పోయింది, ఇంట్లో అందరూ దాన్ని మరిచిపోయారు. అతని గుండె మరిచిపోలేదు. ఆ సంగతి మాకు తెలియడానికి ఇరవై ఏండ్లకు పైనే పట్టింది.

మా ఊరి పీర్ల పండుగలో పెద్ద పీరును ఎత్తే హక్కు మా ఇంటిది. పీర్ల సావిడిని చూసుకునే ముజావర్ తాత ముసల్మాను. పీరును భుజానికెత్తేది మేము. మొక్కులు తీర్చేది ఊరంతా. ఆ హక్కు మా తాత నుంచి నాయనకు, నాయన నుంచి అన్నకు వచ్చింది. ఎత్తినవాడి మీదికి పీరు వచ్చి ఎక్కడాన్ని సవారి అంటారు. ఎక్కిన ఘడియలో ఆ మనిషి ఒళ్లు వణుకుతుంది, మాట మారుతుంది, జనం కష్టాలు అడుగుతారు, అతను జవాబు చెబుతాడు. పీరు దిగిపోయాక మంచినీళ్లు తాగి మామూలు మనిషవుతాడు. మా నాయనకు వచ్చిన సవారిని నా కళ్లతో చూశాను. దాని మీద నాకు ఏనాడూ అనుమానం లేదు.

అన్నకు మొదట్లో పెద్దగా వచ్చేది కాదు. నాలుగో ఏడో, అయిదో ఏడో ఒక్కసారి గట్టిగా వచ్చింది. మెడ పక్కన నరాలు కప్ప గొంతులా ఎగిరాయి. ఒళ్లంతా చెమట. కళ్లు తేలిపోయాయి. ఎంతసేపటికీ దిగలేదు. జనం సాష్టాంగపడ్డారు. ఇక్కడే నా పాపం మొదలవుతుంది. ఆ మరునాటి నుంచి నేను బండి ఎక్కడ ఆపినా మా అన్న సవారి కథే చెప్పాను. తప్పిపోయిన ఎద్దు ఏ వాగు ఒడ్డున మేస్తోందో కళ్లు మూసుకుని చెప్పాడన్నాను. కొత్తకోటలో ఎండిన బావిలో పీరు పేరు చెప్పి ఊదు బూడిద వేస్తే నీళ్లూరాయన్నాను. వీటిలో ఒక్కటీ జరగలేదు. కానీ మొసలి కథకు నవ్విన జనమే ఈ కథలకు చేతులు జోడించారు. మూడేండ్లలో మా ఊరి పండుగకు శ్రీరంగాపూర్ అవతలి నుంచి కూడా బండ్లు కట్టుకుని రావడం మొదలైంది. అన్న నన్ను ఒక్కసారి కూడా మందలించలేదు. వినివిని తానే నమ్మాడనుకుంటాను.

యుద్ధం నడుస్తున్న రోజులవి. ఆ ఏడు చలికాలంలో, జొన్న కంకి పాలు పోసుకుంటున్నప్పుడు, ఒక పొద్దున నేను బావి దగ్గర బండి ఇరుసుకు ఆముదం రాస్తున్నాను. అన్న మోట తోలుతున్నాడు. ఎద్దులు వాలులోకి దిగేటప్పుడు మోట తోలేవాడు తాడు మీద కూర్చుని తన బరువు కూడా ఇస్తాడు. అట్లా కూర్చున్నవాడు చప్పుడు లేకుండా పక్కకు జారాడు. ఎద్దులు ఆగి వెనక్కి చూశాయి. తోలు బొక్కెన బావిలోకి తిరిగి పడిన చప్పుడు వచ్చింది.

నేను వెళ్లేసరికి మెడ నరాలు ఎగురుతున్నాయి. చెమట. తేలిన కళ్లు. అంతా సవారిలాగే ఉంది. కానీ డప్పు లేదు, ఊదు లేదు, పండుగ మొదలయ్యే నెలపొడుపుకు ఇంకా పదిహేను రోజులుంది. పెదవులు నేరేడు పండ్లు తిన్నవాడిలా నల్లబడ్డాయి. పక్క చేనులో పల్లికాయ ఏరే ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఒకామె అతని కాళ్ల దగ్గరి మట్టి తీసి నొసట రాసుకుని, కూతురికి కాన్పు ఎప్పుడవుతుందని అడిగింది. అన్న పెదవులు కదిలాయి. ఆమె దాన్నే జవాబు అనుకుంది.

పొద్దు గూకే లోపల ఊరంతా సంబరపడింది. పెద్ద పీరు పండుగ దాకా ఆగలేక మోటకాడికే వచ్చాడన్నారు. అన్న గోడకు ఆనుకుని కూర్చుని అలసటగా నవ్వాడు. వదిన ఒక్కతే నవ్వలేదు. మరునాడు నీళ్లకు వచ్చినప్పుడు కడవ దించి నా ముందు నిలబడింది.

"మరిదీ, పీరు వస్తే పెదవులు గిట్ల నల్లగైతయా? మీ నాయనకు ఐనయా?"

కాలేదన్నాను.

"మరి దవాఖానకు తోల్కపో. నీకున్న అబద్ధాలల్ల ఒకటి నా కోసం ఖర్సు పెట్టు."

పెట్టాను. వనపర్తి దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరు మా అన్న మహిమ విని దర్శనం కోరుతున్నాడన్నాను. అన్న ఉతికిన ధోవతి కట్టుకుని బండెక్కాడు.

డాక్టరు కోస్తా వైపు మనిషి, చిన్న వయసు, మద్రాసులో చదివాడు. ఏడాది కింద అతని పెట్టెలను వనపర్తి రోడ్డు స్టేషన్ నుంచి తెచ్చింది నా బండే. దారి పొడుగునా నా కథలు విని, నవ్వకుండా, "తర్వాత ఏమైంది?" అని మాత్రమే అడిగిన మనిషి. అన్న ఛాతీ మీద రబ్బరు గొట్టాల యంత్రం పెట్టి చాలాసేపు విన్నాడు. వేలు పెట్టి, దాని మీద ఇంకో వేలితో తట్టి, గుమ్మడికాయ పండిందో లేదో చూసినట్టు గుండె ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో చూశాడు. తర్వాత అన్నను బండి దగ్గరికి పంపి నన్ను ఆపాడు.

"చిన్నప్పుడు మీ అన్నయ్యకి కీళ్లవాపు జ్వరం వచ్చిందా?"

ఆ మాట అతనికి చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

అతను చెప్పింది నా మాటల్లో రాస్తున్నాను. గుండెలో ఒక తలుపు ఉంది, ఆ జ్వరం దాన్ని బిగిసిపోయేట్టు చేసింది. రక్తం ముందుకు పోలేక వెనకగది ఉబ్బుతూ వచ్చింది. నిమ్మకాయంత ఉండవలసిన గది బత్తాయిలా సాగింది, గోడలో అక్కడక్కడ మచ్చలు కట్టింది. గుండె కొట్టుకోవాలంటే కండ వెంట మెరుపులాంటిది ఒకటి పాకాలి. అది ఒక మూల పుట్టి అంతటా పాకి, పోవడానికి చోటు లేక ఆరిపోవాలి. పాకిన చోటు ఒక క్షణం అలసి, మళ్లీ దేన్నీ పోనివ్వదు. గది చిన్నదైతే మెరుపు చుట్టి వచ్చేసరికి మొదటి చోటు ఇంకా అలసటలోనే ఉంటుంది కాబట్టి ఆరిపోతుంది. గది సాగితే దారి పొడుగవుతుంది. మచ్చల దగ్గర నడక మందమవుతుంది. చుట్టి వచ్చేసరికి మొదటి చోటు తేరుకుని ఉంటుంది. ఇక ఆరిపోవలసిన పని లేదు. తన తోకను తానే తరుముతూ తిరుగుతుంది.

"సన్న కాలవ నీళ్లు ఒక్కసారిగా వెడల్పాటి మడిలో పడితే ఏమవుతుంది?" అని అడిగాడు.

అక్కడే ఇంకిపోతాయి, ముందుకు సాగవన్నాను.

"ఇదీ అంతే. లోపలి కండ ఆకారం మారింది. ఒకచోట ఇంకిపోతుంది, ఒకచోట ఆలస్యంగా పోతుంది. ఆ ఆలస్యంలోనే ప్రమాదం."

మెడ మీద నరం రెండుసార్లు కొడితే చేతి నాడి ఒకసారి కొడుతోందని బల్ల మీద వేళ్లతో తట్టి చూపించాడు. పట్నంలో తీగలు కట్టి గుండె నడకను కాగితం మీద గీసే యంత్రం ఉందట. ఇక్కడ లేదు. నేను నమ్మలేదు. ఇన్ని అబద్ధాలు పుట్టించినవాణ్ణి, ఎదుటివాడి మాట అంత తేలిగ్గా నమ్ముతానా? అతను నవ్వి, చదువుకునేటప్పుడు దీన్ని తాబేలు గుండెలో కళ్లారా చూశానన్నాడు. తాబేలు దొరికితే నాకూ చూపిస్తానన్నాడు.

మా వైపు నీళ్లు శుభ్రంగా ఉంటాయని బావిలో తాబేలును వదులుతారు. మా మోటబావిలోనూ ఒకటి ఉండేది. మా నాయన వదిలింది. పొద్దున బొక్కెన దిగగానే అది గోడ పక్కకు జరిగేది. అన్న దానితో మాట్లాడేవాడు. నేను దాన్ని గోనెసంచిలో వేసి వనపర్తికి పట్టుకుపోయాను.

దవాఖాన వెనక గదిలో మధ్యాహ్నం పూట చూపించాడు. దాన్ని ఎట్లా చంపాడో రాయను, త్వరగా చంపాడు. చేతిలోకి తీసిన గుండె ఉప్పునీళ్ల పళ్లెంలో పడ్డాక కూడా కొట్టుకుంటూనే ఉంది. కత్తెరతో దాని అంచు నుంచి చేతి గాజులాంటి వలయాన్ని కోశాడు. సన్న తీగతో ఒకచోట తట్టాడు. కదలిక రెండు వైపులా పోయి, ఎదురెదురుగా గుద్దుకుని ఆరిపోయింది. మళ్లీ తట్టాడు, అంతే. ఎన్నో సార్లు తట్టాక ఒకసారి ఒక వైపు కండ ఇంకా అలసి ఉన్నట్టుంది, కదలిక రెండో వైపుకే పోయింది. పోయి, చుట్టి, మొదలైన చోటికి వచ్చి, ఆగకుండా ముందుకు పోయింది. డాక్టరు తీగ పక్కన పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. సిగరెట్టు వెలిగించి సగం తాగాడు. వలయం తిరుగుతూనే ఉంది. ఎవరూ తట్టడం లేదు. చంపిన జీవి ముక్క, తల లేదు, నెత్తురు లేదు, కల్లంలో గుంజకు కట్టిన ఎద్దుల్లాగ ఆ కదలిక తిరుగుతూనే ఉంది.

ఆపమన్నాను. కత్తెరతో వలయాన్ని ఒకచోట తెంపాడు. వెంటనే ఆగిపోయి, తడి తాడు ముక్కలా పడి ఉంది.

"మా అన్న గుండెల గూడ గట్లనే కోయరాదా?" అన్నాను.

"నేను అక్కడికి చేరేలోగా మీ అన్నయ్య మిగలడు."

పండుగలో పది రోజులూ అన్న చేసేదంతా అతనికి చెప్పాను: ఒంటిపూట తిండి, గుండంలో నిప్పుల మీద నడక, బరువెత్తుకుని ఊరంతా పరుగు. ఈసారి అందులో మొదలైతే ఆగుతుందని చెప్పలేనన్నాడు. ఉబ్బిన గదిలో రక్తం గడ్డకట్టి ఉంటే అది తలకెక్కవచ్చన్నాడు. యుద్ధం వల్ల మందు దొరకడం కష్టమైంది. ఉన్న సీసాలోంచి కొంచెం వేరే సీసాలో పోసి ఇచ్చాడు.

ఊరికి వచ్చి సావిడి అరుగు మీద ఉన్నది ఉన్నట్టు చెప్పాను. జీవితంలో ఒక్క ముక్క కలపకుండా చెప్పింది అదొక్కటే. తాబేలు గుండె దగ్గరికి వచ్చేసరికి అందరూ కడుపులు పట్టుకున్నారు. గద్వాల మొసలి మింగిన చక్రం ఇంకా తిరుగుతోందా అని ఒకడు అడిగాడు. తాబేలు గుండెలో మీ అన్న కనపడ్డాడా, దండం పెట్టావా అని ఇంకొకడు.

అన్న నవ్వలేదు. "నా బావిల తాబేలును కోపిచ్చినవా?"

"నీ పాణం కోసమే అన్నా."

"ఇన్నేండ్లు ఊరూరు తిరిగి నా మీద పీరు వచ్చిండని జెప్పింది నువ్వే. ఇయ్యాల రోగమంటున్నవు. రెండిట్ల ఏది అబద్ధంరా?"

మందు సీసాను వదిన దాచి, అతనికి తెలియకుండా మజ్జిగలో చుక్కలు వేసేది. ఎన్ని రోజులు వేస్తే పని చేస్తుందో మాకు తెలియదు. పండుగకు ఇంకా వారమే ఉంది.

చివరికి ముజావర్ తాత దగ్గరికి పోయాను. ఆయన పీర్లకు తొడిగే గుడ్డలు మడతపెడుతున్నాడు. నేను చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నాడు. తాబేలు దగ్గర కూడా నవ్వలేదు.

"ఎత్తినోని చెయ్యి నేను పట్టుకుంట గద, బేటా. సవారి వచ్చినోని చెయ్యి కాల్తుంటది. మీ నాయన చెయ్యి కాలేది. మీ అన్న చెయ్యి సల్లగుంటది." ఇంకో గుడ్డ మడతపెట్టాడు. "నేను జెప్తే ఎవరింటరు? దూరం నుంచి బండ్లు కట్కొని వస్తుండ్రు. నువ్వే పిలిచినవు."

లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి అన్నాడు, నాతో కాదన్నట్టు, గుడ్డలతో అన్నట్టు: "మైల పడ్డ ఇంటోడు పీరును ముట్టడు. గంత మటుకు నాకు ఎరుక."

నెల పొడిచిన మరునాడు నేను గద్వాల నుంచి బండి తోలుకుని వచ్చి, ఇంటి ముందు తలగుడ్డ తీసి కింద పడేశాను. గద్వాలలో ఉన్న మా పాలోళ్ల ముసలాయన, మాకు వరసకు పెదనాయన, పోయాడని చెప్పాను. దహనం కూడా అయిపోయిందన్నాను. దాయాది అయిన పాలివాడు పోతే మాకు పది రోజుల మైల. పండుగ అంతా అందులోనే గడిచిపోతుంది.

అన్న చూరు పట్టుకుని నిలబడి ఏడ్చాడు. చిన్నప్పుడు ఆ ముసలాయన తనను భుజం మీద ఎక్కించుకుని కృష్ణ దాటించాడని ఎక్కిళ్లు పెట్టాడు. నేను వచ్చేటప్పుడు ఆ ముసలాయన ఎండలో కూర్చుని జొన్నరొట్టె నములుతున్నాడు. ఊరు నమ్మింది. దేని మీదైనా కథ అల్లుతాను గానీ చావు మీద అల్లనని వాళ్ల నమ్మకం. వదిన మాత్రం నా ముఖం చూసి, "నీ కండ్లల్ల తడి లేదు మరిదీ," అని మెల్లగా అని, పాత కుండలు బయట పడేయడానికి పోయింది.

పీరును ఎత్తడానికి పక్కింటి పాలేరును ఎంచారు. తొమ్మిది రోజులు అన్న ఇల్లు దాటలేదు. తిండి తగ్గింది, మాట తగ్గింది. డప్పు మోగినప్పుడల్లా ఎడమ చేత్తో అరుగు అంచు పట్టుకునేవాడు. అతను బతికి ఉన్నాడని నేను సంతోషపడవలసింది. కానీ ఆ ముఖం చూస్తే, ఏదో ఒకటి అతన్ని ఇప్పటికే వదిలి పోయినట్టుండేది.

పదో రోజు మధ్యాహ్నం పీర్లను వాగుకు సాగనంపుతారు. మైల ఇల్లు కాబట్టి ఊరేగింపు మా ముందు ఆగకుండా వీధి అవతలి అంచున పోయింది. కొత్తగా ఎత్తినవాడికి నిజంగానే సవారి వచ్చింది. అతను మా ఇంటికేసి చూడకుండా ముందుకు పోతున్నాడు. అన్న అరుగు మీద నిలబడ్డాడు. ఒక అడుగు ముందుకు వేశాడు. అక్కడే కూలబడ్డాడు.

మెడ నరాలు ఎగిరాయి. చెమట. పెదవులు నల్లబడ్డాయి. డప్పులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"మైల ఇంట్లకు పీరు రాడు," అని ఒక ముసలివాడు అన్నాడు.

"మరి ఎక్కింది ఎవరు?"

ఆ ప్రశ్నకు జనమే జవాబు వెతుక్కున్నారు. పదిరోజుల కింద పోయిన గద్వాల ముసలాయన. దహనానికి మా ఇంటి నుంచి ఎవరూ పోలేదు. అలిగి వచ్చి ఎక్కాడు. ముందు వరసవాళ్లు వెనక్కి జరిగారు. నిన్నటి దాకా కాళ్ల మట్టి తీసుకున్నవాళ్లు పిల్లల్ని చాటుకు లాక్కున్నారు. ఇద్దరు వేప బరిగెలు విరవడానికి పోయారు. దయ్యాన్ని దించడానికి ఒళ్లు చీరేదాకా కొడతారు. అన్న గుండె ఆ దెబ్బలకు ఆగదు.

నేను అరుగెక్కి, ఎవరూ చావలేదని చెప్పాను. ముసలాయన గద్వాలలో రొట్టె తింటున్నాడు, నేనే కల్పించానన్నాను. బరిగెలు ఆగాయి. కాకి తన్నిందా అని ఎవరో అడిగారు. కాకి నెత్తి మీద తన్నితే చావు తప్పడానికి దొంగ చావు కబురు పంపే అలవాటు మాకుంది. అవునని తలూపాను. ఆ ఒక్క అబద్ధం నన్ను కాపాడింది, చావు లేదన్న నిజం అన్నను ముంచబోయింది.

"అయితే మైల లేదు," అన్నారు. "మైల లేకుంటే వచ్చింది ఆయనే."

జనం ఒక్కసారిగా ముందుకు దూకారు. డప్పులు అంతకుముందుకంటే గట్టిగా లేచాయి. పాలేరు భుజం మీది పెద్ద పీరును తీసి అన్న వైపు తెస్తున్నారు. అన్న అది చూశాడు. లేవలేనివాడు చేతులు చాచాడు. అంత ఆశ నేను ఏ ముఖంలోనూ చూడలేదు. వదిన అతని నడుం పట్టుకుని వెనక్కి గుంజుతోంది. ఎవరో ఆమెను పక్కకు తోశారు.

అప్పుడు ముజావర్ తాత అడ్డం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అన్న మణికట్టు పట్టుకున్నాడు. ఆయన కళ్లు మూసుకున్నాక జనం తోపులాట ఆపి చూశారు. చాలాసేపు పట్టుకున్నాడు. తర్వాత ఆ చేతిని మెల్లగా అన్న ఒళ్లోనే పెట్టాడు.

"గీయన మీద ఎవ్వరు లేరు," అన్నాడు. "దవాఖానకు తోల్కపోండ్రి."

ఆయన మాటకు ఎదురు లేదు. పీరు తిరిగి పాలేరు భుజం మీదికి పోయింది. ఊరేగింపు వాగు వైపు కదిలింది. అన్న చాచిన చేయి మాత్రం బండెక్కించేదాకా అట్లాగే ఉంది.

దారి పొడుగునా అన్న వదిన ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు. వాగు దాటాక ఒక్కసారి కళ్లు తెరిచి, "మరి ఇన్నేండ్లు వాళ్లకు జవాబు జెప్పింది ఎవరు?" అన్నాడు. వదిన కొంగుతో అతని నొసలు తుడిచింది. నేను ఎద్దుల్ని అదిలించాను.

దవాఖాన వరండాలో ఎనిమిది రోజులున్నాం. డాక్టరు చుక్కల మందు పెంచాడు, తగ్గించాడు. పెదవుల నలుపు పోయింది. నాడి నెమ్మదించింది గానీ ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ పొత్తు లేదు. ఇంతకుముందు ఒకే చుట్టుగా తిరిగేదని, ఇప్పుడు ఆ చుట్టు కూడా పగిలి చీమలపుట్టను తన్నినట్టు ముక్కముక్కలుగా పాకుతోందని, మందుతో దాన్ని నెమ్మదిగా ఉంచగలడు గానీ మాన్పలేడని డాక్టరు చెప్పాడు. అన్న అంతా విని నా వైపు తిరిగాడు.

"అంటే ఇగ దిగదా?"

"దిగదన్నా," అన్నాను.

నేను చెప్పిన నిజాన్ని అతను మారు అడగకుండా నమ్మడం అదే మొదలు.

తొమ్మిదో రోజు ఇంటికి బయలుదేరాం. ఊరు ఇంకా కూతవేటు దూరం ఉందనగా ఒకామె దారి మధ్యలో నిలబడి ఉంది. పక్క ఊరి మనిషి. ఆమె మొగుడు కూలీల ముఠాతో కాలువ పనికి బొంబాయి వైపు పోయి రెండేండ్లయింది, కబురు లేదు. చేతిలో కొబ్బరికాయ ఉంది. బండి ఆగగానే చక్రం దగ్గరికి వచ్చింది.

"పోయిన ఏడు అడిగితే పంట చేతికొచ్చే లోపల వస్తడన్నరు. పంట ఐపోయింది. జర మల్ల జూసి చెప్పుండ్రి."

అన్న పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు. ఆమె ముఖం వైపు చూశాడు. గుర్తు పట్టాడని నాకు తెలిసింది.

"నాకు తెల్వదమ్మా," అన్నాడు.

ఆమె కదలలేదు. తానేదో తప్పు చేసిందని, అందుకే చెప్పడం లేదని అనుకున్నట్టుంది. "సవారి వచ్చినంక చెప్పుండ్రి, నేను ఈడనే కూసుంట," అని ఎద్దుల ముందు మట్టిలో కూర్చుంది. నేను ఎంత చెప్పినా వినలేదు. వదిన దిగి బతిమాలితే వదిన కాళ్లు పట్టుకుంది. నేను ఎద్దుల్ని పక్క చేనులోకి దింపి, పల్లి పీకిన సాళ్ల మీదుగా ఆమెను చుట్టి బండి తోలాను. బండి ఎటు తిరిగితే ఆమె అటు తిరుగుతూ, కొబ్బరికాయను రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది.